నల్లమొయిళ్ళ చరిత్ర



నేను తెలుగు పండితుణ్ణి. ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అటువంటివాడు నక్షత్రాల నడుమ జరిగే రసాయన చర్యలను గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను వ్రాయబోయేది రసాయనశాస్త్రం కాదు, దాని చరిత్ర. అందులోనూ ఒక్క మాట మనుషుల చూపును ఎంతకాలం కట్టివేసిందో చెప్పే చరిత్ర. ఆ మాట 'రంధ్రం'. మాటల సంగతి గనుక నాకు కొంత అధికారం ఉన్నదనే అనుకుంటాను.

పాలవెల్లి అన్నా, పాలపుంత అన్నా, ఆకాశగంగ అన్నా, ఆ పేర్లన్నీ తెల్లదనాన్ని చూసి పెట్టినవే. అయితే ఆ తెలుపు నడుమ నల్లని చారలూ మచ్చలూ కూడ ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని ఇంకా జాతివారు ఆ నలుపులోనే లామా అనే తమ పెంపుడు జంతువును, పామును, కప్పను చూసి పేర్లు పెట్టుకున్నారు. తక్కిన లోకంలో ఎక్కువమందికి నలుపు అంటే ఏమీ లేకపోవడమే.

విలియం హెర్షెల్ అంతటి పరిశీలకునికీ అలాగే తోచింది. ఇంగ్లండులో స్థిరపడిన ఈ జర్మను సంగీతకారుడు తన చేతితో చేసుకున్న దర్పణాలతో ఆకాశమంతా గాలించారు. ఒక రాత్రి వృశ్చికరాశి ప్రాంతంలో దుర్భిణి నడుపుతుండగా నక్షత్రాలు ఒక్కసారిగా మాయమయ్యాయట. ఆకాశంలో రంధ్రం ఉన్నదని ఆయన తన మాతృభాషలో విస్తుపోయారు. 1785లో అచ్చయిన వ్యాసంలోనూ ఆ తావును గగనంలోని తెరపి అన్న అర్థంలోనే పేర్కొన్నారు. ఆ రాత్రులలో పక్కనే కూర్చుని లెక్కలు వ్రాసిపెట్టిన చెల్లెలు కరోలిన్ ఈ సంగతి మరిచిపోలేదు. 1833లో, ఎనభై మూడేళ్ల వయసులో, దక్షిణాఫ్రికాకు ప్రయాణమవుతున్న మేనల్లుడు జాన్ హెర్షెల్‌కు జాబు వ్రాస్తూ, వృశ్చికంలో ఆ తావును మళ్లీ చూడమని అడిగారు. ఆయన చూశారు, నక్షత్రాలు లేని చోట్లు కనిపించాయి. అవి ఎందుకు అలా ఉన్నాయో మాత్రం తేలలేదు. నాకు ఈ కథలో అందరికంటె కరోలిన్ అంటేనే గౌరవం. అర్ధశతాబ్ది గడిచినా, అన్నగారు పెట్టిన పేరుతో ఆమెకు తృప్తి కలుగలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెదకడంలో జీవితం గడిపినవారు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్. 1857లో నాష్‌విల్‌లో కటిక పేదరికంలో పుట్టారు. తండ్రి అంతకుముందే పోయారు. బడి చదువు రెండు నెలలకు మించలేదు. తొమ్మిదేళ్ల ప్రాయానికే ఒక ఛాయాచిత్రశాలలో కూలికి కుదిరారు. సూర్యకాంతితో చిత్రాలను పెద్దవి చేసే యంత్రాన్ని రోజంతా సూర్యుని వైపు తిప్పుతూ ఉండడమే ఆ పసివాడి పని. పెద్దయ్యాక, ఛాయాచిత్రపు పలకను గంటల తరబడి ఆకాశానికి చూపి పాలపుంతను చిత్రించడంలో ఆయనకు సాటి లేకపోయింది. బాల్యంలో కూలి కోసం నేర్చిన ఓర్పు అక్కడ అక్కరకు వచ్చిందని నా ఊహ.

విచిత్రమేమంటే, ఆ నల్లమచ్చలను అందరికంటె ఎక్కువగా చూసిన బర్నార్డే అవి మేఘాలని ఒప్పుకోవడానికి చాలా కాలం తటపటాయించారు. 1913 వేసవిలో చంద్రుడు లేని ఒక నిర్మలమైన రాత్రి, యెర్కీస్ వేధశాలలో ధనూరాశి వైపు చిత్రం తీస్తుండగా, మన భూమి మీది చిన్న చిన్న మబ్బుతునకలు కొన్ని ఆ నక్షత్రసమూహాల మీదుగా సాగిపోయాయి. పగలు తెల్లగా కనిపించే మబ్బులు, వెలిగే నేపథ్యం మీద సిరాచుక్కలవలె నల్లగా కనిపించాయి. తన పలకల మీది మచ్చలూ అచ్చం అలాగే ఉన్నాయని ఆయనకు తట్టింది. 1919లో 182 నల్లమచ్చల పట్టిక ప్రకటించారు. 1923లో కన్నుమూశారు. ఆయన తీసిన చిత్రాల సంపుటం 1927లో వెలువడే నాటికి పట్టిక 349కి పెరిగింది. అందులో 68వది సర్పధారి మండలంలోని ఒక చిన్న నల్లముద్ద. దానిని గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇంతలో మరొకవైపు నుంచి సాక్ష్యం వచ్చింది. 1904లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యోహాన్నెస్ హార్ట్‌మన్, ఓరయన్ నడికట్టులోని మూడు చుక్కలలో ఒకదానిని పరిశీలించారు. అది నిజానికి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాల జంట. అందుచేత దాని వర్ణపటంలోని గీతలు అటూ ఇటూ ఊగుతాయి. కాల్షియం గీత ఒక్కటి మాత్రం ఊగలేదు. అంటే ఆ కాల్షియం నక్షత్రంలోనిది కాదు, నక్షత్రానికీ మనకూ నడుమ ఎక్కడో ఉన్నది! 1930లో ట్రంప్లర్ దూరపు నక్షత్రగుచ్ఛాలను కొలిచి, అవి ఉండవలసినదానికంటె మసకగా ఉన్నాయనీ, నడుమ ధూళి వ్యాపించి ఉన్నదనీ చూపించారు. రంధ్రాల వాదం అంతటితో ముగిసింది.

పరమాణువులు ఉన్నాయి, ధూళి ఉన్నది. మరి పరమాణువులు కలిసి అణువులు అవుతాయా? పెద్దలు పెదవి విరిచారు. అక్కడ సాంద్రత అత్యల్పం, రెండు పరమాణువులు ఎదురుపడడమే అరుదు. ఎదురుపడినా, కలయికలో పుట్టే శక్తిని పట్టుకుపోయే మూడవది లేకపోతే వెంటనే విడిపోతాయి. ఏదో ఒకటి ఏర్పడినా నక్షత్రాల అతినీలలోహిత కాంతి దానిని చీల్చివేస్తుంది. తర్కం నిర్దుష్టంగానే కనిపిస్తుంది. అయినా 1937 నుంచి 1941 లోపల, నక్షత్రకాంతిలో మూడు చిన్న అణువుల జాడలు తేలాయి. కార్బన్, హైడ్రోజన్ కలిసినది ఒకటి. కార్బన్, నైట్రోజన్ కలిసినది ఒకటి. మొదటిదానికే ధన ఆవేశం ఉన్న రూపం మూడవది. చివరిదానిని ప్రయోగశాలలో నిర్ధారించినవారిలో గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ ఒకరు. భార్య యూదురాలు కావడం వల్ల 1935లో జర్మనీ వదలి కెనడా చేరిన శాస్త్రవేత్త ఆయన.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన ఘట్టం ఇదే గనుక. కార్బన్–నైట్రోజన్ అణువును గుర్తించినవారు ఆండ్రూ మెక్‌కెల్లర్, కెనడాలో విక్టోరియా వేధశాలవారు. ఆ అణువుల్లో కొన్ని పూర్తి విశ్రాంతిలో లేవని, మెల్లగా తిరుగుతున్నాయని వర్ణపటం చెప్పింది. ఎంత వేడి తగిలితే అలా తిరుగుతాయో లెక్కవేసి, 1941లో 2.3 కెల్విన్ అని ప్రకటించారు. అంటే సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్. ఆ రవ్వంత వేడి ఎక్కడిదని ఎవరూ పట్టించుకోలేదు. హెర్జ్‌బర్గ్ అంతటివారు సైతం 1950 నాటి తమ గ్రంథంలో దానికి పరిమితమైన అర్థమే ఉన్నదని ఒక్క వాక్యంలో దాటివేశారు. 1965లో పెన్జియాస్, విల్సన్ విశ్వమంతటా నిండిన సూక్ష్మతరంగ వికిరణాన్ని రేడియో దుర్భిణితో పట్టుకున్నారు. అప్పుడు కొందరికి మెక్‌కెల్లర్ లెక్క గుర్తుకు వచ్చింది. ఆ అణువులను తిప్పుతున్నది విశ్వారంభం నాటి వేడిమి అవశేషమే! మెక్‌కెల్లర్ 1960లోనే, యాభై ఏళ్లకే పోయారు. జవాబు చేతిలో ఉండి, ప్రశ్న ఏమిటో తెలియకుండానే వెళ్లిపోయారు.

పైన చెప్పిన అణువులు పలుచని మేఘాలలోనివి. దట్టమైన నల్లమొయిళ్ళ లోపలికి నక్షత్రకాంతి చొరబడదు గనుక, మామూలు దుర్భిణితో వాటి లోపలి సంగతి తెలియదు. రేడియో తరంగాలకు ఆ అడ్డు లేదు. చార్లెస్ టౌన్స్ అన్న భౌతికశాస్త్రవేత్త 1955 నాటి ఒక సదస్సులోనే, రేడియోలో వెదకదగిన అణువుల జాబితా ఇచ్చారు. 1963లో హైడ్రాక్సిల్ దొరికింది. 1967లో టౌన్స్ బర్క్లీ చేరి అమ్మోనియా కోసం వెదుకుతానంటే, అది అక్కడ ఉండే అవకాశమే లేదని సహాధ్యాపకులే నిరుత్సాహపరిచారట. 1968లో ఆరు మీటర్ల పళ్లెంతో అమ్మోనియా దొరికింది. మరుసటి ఏడు నీరు, ఫార్మాల్డిహైడ్. 1970లో కార్బన్ మోనాక్సైడ్. గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి.

ఫార్మాల్డిహైడ్ గురించి ఒక్క మాట. పామర్, జుకర్‌మన్, బూల్, స్నైడర్ 1969లో నల్లమేఘాల వైపు చూసినప్పుడు, ఆ అణువు వెనుక ఏ నక్షత్రమూ లేకపోయినా శోషణగీత కనిపించింది. శోషించడానికి వెనుక వెలుగేదైనా ఉండాలి కదా? ఆ వెలుగు మెక్‌కెల్లర్ లెక్కకు అందిన ఆ విశ్వవికిరణమే. చుట్టూ ఉన్న అణువుల తాకిడికి ఫార్మాల్డిహైడ్ ఒక విధమైన శీతలయంత్రంలా పనిచేసి, ఆ వికిరణంకంటె చల్లని స్థితికి దిగుతుంది. అందుచేత దాని నుంచే శక్తి గ్రహిస్తుంది. విశ్వంలో అన్నిటికంటె మసకవెలుతురుకు కూడ నీడ పట్టగలిగినదన్నమాట.

ఇక అసలు చిక్కు. ఆ మొయిళ్ళలో వేడిమి 10 కెల్విన్, అనగా మైనస్ 263 డిగ్రీల దగ్గర. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటే, అక్కడ పదివేలు, మహా అయితే లక్ష. అంత చలిలో, అంత ఏకాంతంలో రసాయన చర్య ఎలా సాగుతుంది?

మొదటి జవాబు ధూళిది. హైడ్రోజన్ పరమాణువులు రెండు నేరుగా కలవలేవని చెప్పాను. కాని రెండూ ఒక ధూళిరేణువు మీద వాలితే అక్కడ కలుసుకుంటాయి. పుట్టిన శక్తిని రేణువు పుచ్చుకుంటుంది, జంట ఎగిరిపోతుంది. మన పెళ్ళిళ్ల పేరయ్య చేసే పనే. 1963లోనూ 1971లోనూ సాల్పీటర్ సహచరులతో కలిసి దీని లెక్కలు కట్టారు. ఆ హైడ్రోజన్ అణువును అంతరిక్షంలో మొదటిసారి పట్టినది 1970లో జార్జ్ కరుథర్స్, ఒక రాకెట్ మీద పంపిన అతినీలలోహిత పరికరంతో.

రెండవ జవాబు ఇంకా సొగసైనది. 1970లో బూల్, స్నైడర్ ఆకాశంలో 89.19 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక గీతను చూశారు. అది భూమి మీద తెలిసిన ఏ అణువుదీ కాదు. ఊరూ పేరూ తెలియక దానికి 'ఎక్సోజెన్' అని పేరు పెట్టారు. కొన్ని నెలలకే హార్వర్డ్‌లోని విలియం క్లెంపరర్, అది కార్బన్ మోనాక్సైడుకు ఒక ప్రోటాన్ తగిలించిన అయాను కావచ్చునన్నారు. 1975లో ప్రయోగశాలలో అదే నిజమైంది. ఈలోగా 1973లో క్లెంపరర్, ఆయన శిష్యుడు ఎరిక్ హెర్బ్‌స్ట్ కలిసి, విలియం వాట్సన్ వేరుగా, దాని వెనుక ఉన్న వ్యవస్థనంతా వివరించారు. మామూలు అణువులు రెండు ఢీకొంటే చర్య జరగడానికి మొదట కొంత వేడి పెట్టుబడిగా కావాలి. ఆ చలిలో అది దొరకదు. ఆవేశం ఉన్న అయానుకు ఆ పెట్టుబడి అక్కరలేదు, ఎదుటి అణువును తానే లాక్కుంటుంది.

అయాను ఎక్కడిది మరి? నక్షత్రకాంతి చొరని చోటికి కూడ విశ్వకిరణాలు చొరబడతాయి. ఒక హైడ్రోజన్ అణువు వంతు వచ్చేది వంద నుంచి మూడువందల కోట్ల ఏళ్లకు ఒక్కసారి మాత్రమే. కాని అణువులు అనంతం గనుక ఎక్కడో ఒకచోట ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. దెబ్బతిన్న హైడ్రోజన్ పక్కనున్న మరో హైడ్రోజన్ అణువును తాకి, మూడు హైడ్రోజన్ల అయానుగా మారుతుంది. ఇది దానకర్ణుడు. ఎదురైన దానికల్లా తన ప్రోటాన్‌ను ఇచ్చివేస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు ఇస్తే పైన చెప్పిన ఎక్సోజెన్. ఆక్సిజన్‌కు ఇస్తే, మరి రెండు మూడు మెట్లు ఎక్కి, నీరు.

ఈ మూడు హైడ్రోజన్ల అయానును ప్రయోగశాలలో కనుగొన్నది 1911లో, జె. జె. థామ్సన్. రేడియోలో దానికి గొంతు లేదు. పరారుణంలో దాని గీతలు ఎక్కడ ఉంటాయో 1980లో తకేషి ఓకా ఒట్టావాలో కొలిచారు. తరువాత పదిహేనేళ్లకు పైగా ఆకాశంలో వెదికి, 1996లో గెబాల్‌తో కలిసి హవాయిలోని దుర్భిణితో పట్టుకున్నారు. సిద్ధాంతమంతా దేని మీద నిలబడిందో అది కంటికి కనబడడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

వృషభరాశి దిక్కున, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నల్లమొయిలు ఉన్నది. దానిలో కార్బన్లు వరుసగా కూర్చున్న గొలుసు అణువులు కుప్పలు. మన ప్రబంధాల దీర్ఘసమాసాలను చూసి పిల్లలు బెదిరినట్టే, అయిదు, ఏడు, తొమ్మిది కార్బన్ల గొలుసులను చూసి శాస్త్రజ్ఞులు విస్తుపోయారు. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయపు హారీ క్రోటో బృందం వాటిలో కొన్నిటిని ముందు ప్రయోగశాలలో చేసి గీతలు కొలవడం, కెనడాలో ఓకా మొదలైనవారు ఆకాశంలో వెదకడం. అయిదు కార్బన్లది 1976లో పాలపుంత నడిబొడ్డు దిక్కున ఉన్న మేఘంలో, ఏడూ తొమ్మిదీ 1978లో ఈ వృషభరాశి మేఘంలో ప్రకటితమయ్యాయి. ఆ గొలుసులు ఎలా పుడతాయో చూడాలన్న కుతూహలమే క్రోటోను 1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి తీసుకుపోయింది. అక్కడ అనుకోకుండా బయటపడినది అరవై కార్బన్ల బంతి. 1996లో నోబెల్ బహుమతి తెచ్చినది. పదకొండు కార్బన్ల గొలుసు కథ వేరు. 1997లో దొరికిందన్నారు, 2016లో లేదన్నారు, 2021లో కొత్త పద్ధతులతో మళ్లీ ఉన్నదన్నారు. దిద్దుబాటుకు సిగ్గుపడని శాస్త్రం గనుకనే నాకు దాని మీద నమ్మకం. అదే మేఘంలో 2018లో బెంజీన్ వలయం ఉన్న అణువు, 2024లో నాలుగు వలయాల పైరీన్‌కు సంబంధించిన అణువు కూడ తేలాయి. ఆ చలిలో వలయాలు ఎలా ముడిపడతాయన్న వాదం ఇంకా నడుస్తున్నది.

ఇప్పుడు 68వ నంబరు సంగతి. 2001లో ఆల్వెస్, లాడా ఇంటిపేరుగల మరిద్దరు దాని వెనుక ఉన్న వేలాది నక్షత్రాలను పరారుణ కాంతిలో చూసి, ఏ భాగంలో ఎంత దట్టమో కొలిచారు. సుమారు అర కాంతి సంవత్సరం వెడల్పున్న ఆ ముద్ద తన బరువుకూ తన లోపలి ఒత్తిడికీ నడుమ అంచు మీద నిలిచి ఉన్నది. మరుసటి ఏడు బెర్గిన్ బృందం అందులో కార్బన్ మోనాక్సైడు పటం గీసింది. నడుమ, అన్నిటికంటె దట్టంగా ఉండవలసిన చోట, ఆ అణువు కనబడలేదు. అంతకుముందు 1999లో కసెల్లి బృందం వృషభరాశిలోని మరొక మేఘంలోనూ ఇదే చూసింది. పటంలో మళ్లీ ఒక రంధ్రం! ఈసారి మాత్రం ఎవరూ మోసపోలేదు. అక్కడి కార్బన్ మోనాక్సైడు ఎక్కడికీ పోలేదు, ధూళిరేణువుల మీద మంచుగా గడ్డకట్టింది. అది నక్షత్రం పుట్టబోయే గర్భస్థానం.

ఆ మంచు మీద కథ ఇంకా సాగుతుంది. రేణువుల మీద అణువులు పుట్టి మురికిమంచుగా పేరుకుంటాయని హాలండులో వాన్ డి హుల్స్ట్ 1940లలోనే ఊహించారు. హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా వచ్చి కార్బన్ మోనాక్సైడుతో కలిసి, ఫార్మాల్డిహైడై, చివరకు మిథనాల్ అవుతాయని 2002లో జపానులో వతనబే, కౌచి ప్రయోగం చేసి చూపారు. 2023లో జేమ్స్ వెబ్ దుర్భిణి, ఖమేలియన్ అనే దక్షిణపు మండలంలోని మేఘం వెనుక ఉన్న నక్షత్రాల సన్నని వెలుగులో నీరు, కార్బన్ డయాక్సైడు, అమ్మోనియా, మీథేన్, మిథనాల్ మంచులను గుర్తించింది. ఆ వెలుగు దాటివచ్చిన చోట ఇంకా నక్షత్రం వెలగలేదు.

ఆ చలికి గుర్తు ఒకటి మిగిలింది. మూడు హైడ్రోజన్ల అయాను తనలో ఒకదానికి బదులు భార హైడ్రోజన్‌ను చేర్చుకోవడం సులువు. వదులుకోవాలంటే వేడి కావాలి, ఆ చలిలో అది లేదు. కార్బన్ మోనాక్సైడు గడ్డకట్టి తొలగితే ఈ మార్పిడి ఇంకా జోరందుకుంటుంది. అందువల్ల అక్కడ పుట్టిన నీటిలో భార హైడ్రోజన్ పాలు ఎక్కువ. మన సముద్రజలంలోనూ, విశ్వంలోని మామూలు హైడ్రోజన్‌తో పోలిస్తే, ఆ పాలు ఎనిమిది పదింతలు. సూర్యుడు పుట్టిన తరువాత మాత్రమే ఈ నీరంతా తయారైతే ఇంత రాదని, కనుక దానిలో కొంతభాగం సూర్యునికంటె పాతదని 2014లో క్లీవ్స్ బృందం లెక్కకట్టింది. ఆ భాగం ఎంత అన్నదాని మీద వాదాలున్నాయి.

చూడదలచిన మిత్రులకు ఒక సూచన. మే, జూన్ నెలల్లో చంద్రుడు లేని రాత్రి, వీధిదీపాలు లేని పొలం గట్టు మీద నిలిచి దక్షిణం వైపు చూడండి. ఎర్రని జ్యేష్ఠ గుర్తు. కరోలిన్ మేనల్లుణ్ణి చూడమన్న తావు ఆ దాపులదే. అక్కడి నుంచి తూర్పుకు, పాలవెల్లి మీద, పొగాకు పైపు ఆకారంలో ఒక నల్లని గీత కనబడుతుంది. 68వ నంబరు దాని పక్కనే ఉన్నది, కాకపోతే అంత చిన్నముద్ద మామూలు కంటికి ఆనదు. వానమబ్బులు కమ్మకముందే చూడాలి.